జ్ఞానదంతోత్పాటన విజయము

వినుడు, వినుడు! ఆదివారమను అలసదినమున, సూర్యుడు మేడల నీటితొట్ల మీదుగా నింపాదిగా ఎగబ్రాకుచుండగా, పాలప్యాకెట్ల బండ్లు వెడలిపోయి కూరగాయల బండ్లు ఇంకను రాని ప్రశాంత సంధికాలమున, మందుల దుకాణమునకు పొరుగున, అద్దపు తలుపుపై నవ్వుచున్న తెల్లని పన్ను బొమ్మ గల ఒక దంతవైద్యశాల ముంగిట, ఎడమ చెంపను అరచేత నదిమిపట్టుకొని నిలిచిన ఒక మహావీరుని గాథను చెప్పబోవుచున్నాను. ఆతడు తర్కారణ్యసింహము, ప్రశ్నాయుధపాణి, ఆస్తికగర్వసర్వంకషుడు, బీమా కంపెనీలో క్లెయిముల ఆఫీసరు. ఇన్ని బిరుదులలో జీతము వచ్చునది కడపటిదానికి మాత్రమే. మొదటి మూడును ఆతడు తనకు తానే ఇచ్చుకొనెను. ఈ రహస్యము నాకెట్లు తెలిసెనందురా? ఈ గాథ చెప్పు కవికిని ఆ వీరునికిని నోరు ఒక్కటే, అందులో పోటు పెట్టు పన్నును ఒక్కటే. మనల్ని మనం పొగుడుకోకపోతే పొగిడేవాళ్ళెవరు?

ఆ వైద్యశాల ఏలిక వీరుని అక్కమొగుడు, భక్తాగ్రేసరుడు, కన్నులు మూసికొని ఒక్క క్షణము దేవుని తలచుకొననిదే సూది ముట్టని నియమశీలి. క్లినిక్ పై అంతస్తు వారి ఇల్లు. ఆ ఇంటి భోజనాల బల్లయే ఏండ్ల తరబడి బావాబావమరదుల రణరంగము. ప్రతి ఆదివారము బావ దైవకారుణ్యమను కోటను కట్టును, వీరుడు దానిని కూల్చును, అక్క ఇద్దరికిని మజ్జిగ పోయును. ఒక్కనాడైనను బావ గెలిచినది లేదు.

అట్టి యుద్ధములలో చివరిది ఘోరమైనది. ఆనాడు వీరుడు అన్నపు ముద్దను గదవలె ఎత్తి అడిగినది ఇది:

“దేవుడు లోకమంతా నీళ్ళలో ముంచేశాడని మీ పుస్తకంలోనే రాసుంది కదా బావా. పెద్దవాళ్ళు పాపాలు చేశారే అనుకో. ఉయ్యాల్లో పిల్లలేం చేశారు? దూడలేం చేశాయి? అదే పని మనిషి చేస్తే జైల్లో పెడతాం. దేవుడు చేస్తే దండం పెడతామా?”

“ఆయన ఆలోచన మనకి అర్థం కాదురా.”

“అర్థం కానప్పుడు, మంచివాడని మాత్రం ఎలా అర్థమైంది?”

బావ కంచములో చేయి కడిగి లేచిపోయెను. వీరుడు విజయగర్వమున మీసము తడుముకొనుచుండగా, అక్క కంచములు తీయుచు తీర్పు చెప్పెను.

“ఇక మీ ఇద్దరూ నా బల్ల దగ్గర కలిసి కూర్చోవద్దు. మొగుణ్ణి పొమ్మనలేను కాబట్టి నువ్వే పో. ‘బావా, తప్పు నాది’ అని ఎప్పుడు అనాలనిపిస్తే అప్పుడు రా. నీ కుర్చీ ఎక్కడికీ పోదు.”

“నిజం కోసం అన్నం మానేస్తాను గానీ ఆ మాట అనను,” అని వీరుడు మెట్లు దిగెను. సత్యమునకై ఎందరో రాజ్యములను వదలినట్లు విందుము. ఆతడు అక్క చేతి వంటను వదలెను. ఆనాటినుండి ఆతడు తన ఒంటిగదిలో తానే వండుకొనెను. మాడిన అన్నమును ఖండించగలడు గాని తినలేడు. తల్లి పోయిన పసితనమునుండి పెంచిన అక్క ముఖము చూడక, కిటికీ ప్రక్కన కుంటికాలు గల తన కుర్చీలో ఊగక, ఆ తర్కసింహము ఆదివారము వచ్చినచో గోడకు ప్రశ్నలు వేయుచుండెను. నిజం చెప్పాలంటే, దిగులుతో చిక్కిపోయాడు. అయినను పంతము చిక్కలేదు.

ఇంతలో జ్ఞానదంతము తిరుగుబాటు చేసెను. ఊరిలో వేరే దంతవైద్యులు లేరా అని మీరడుగవచ్చు. కలరు. కాని సూదిని చూచిన చాలు తలుపు వెదకు ఈ సింహము, బావ చేతిని తప్ప మరొక చేతిని నమ్మదు. ఈ చిన్న వివరమును ఆతడు తన వాదములలో ఎన్నడును ప్రస్తావింపడు.

ముందు గదిలో పేర్లు పిలుచు బల్ల వెనుక అక్కయే కూర్చుండెను.

“పన్ను నొప్పి. అంతే. రాజీకి రాలేదు,” అనెను వీరుడు వాచిన చెంపతో.

“రాజీకి వచ్చావని నేనన్నానా? చెంప బూరెలా ఉంది. పద లోపలికి.”

కుర్చీ వెనుకకు వాలెను. నెత్తిపై దీపము భగ్గుమనెను. శస్త్రములు పళ్ళెములో గలగలలాడెను. ముఖమునకు తెల్లని మాస్కు, చేతులకు తొడుగులు ధరించి బావ ప్రవేశించి, పలకరింపు లేక, కుశలప్రశ్న లేక, ఒక్క మాట పలికెను.

“నోరు తెరు.”

ఇన్నేండ్ల బాంధవ్యమున బావ ఈ వీరుని నోరు తెరవుమని కోరుట ఇదే ప్రథమము.

పిమ్మట ఆయన నోరంతయు వెదకి, పన్ను పీకక తప్పదని చెప్పి, సరేనా అని అడిగి, వీరుడు తల యూపిన మీదట కన్నులు మూసికొనెను. పెదవులు మాస్కు క్రింద కదలెను. “చీమ కుట్టినట్టుంటుంది,” అని సూది దింపెను. అది చీమయైనచో ఏనుగంత చీమ. పిమ్మట పెదవి మొద్దుబారెను, చెంప మొద్దుబారెను, సగము ముఖము పొరుగింటివారిదైపోయెను. దూదియుండలు ఇరువైపుల కావలి నిలిచెను. ఉమ్మిని లాగు గొట్టము గురగురలాడెను. అప్పుడు, మహాజనులారా, అప్పుడు బావ కన్నులలో ఒక మెరుపు మెరసెను. బావమరది నోరు తెరచియున్నది, కాని మాటలాడజాలదు! జన్మమునకొక్కసారి దొరకు ముహూర్తమది.

“ఇప్పుడు చెప్తా విను. అర్థం కానప్పుడు మంచివాడని ఎలా అర్థమైందని అడిగావు కదా ఆ రోజు? ఇప్పుడు నేను నిన్ను పొడిచాను. కోస్తాను. పీకుతాను. లోపలేం చేస్తున్నానో నీకు ఒక్క ముక్క అర్థం కాదు. అయినా నోరు తెరుచుకుని పడుకున్నావు. ఎందుకు? ఏం చేసినా బావ నీ మంచికే చేస్తాడని. నా మీద ఉన్న నమ్మకం ఆయన మీద ఉంచడానికి నీకేం రోగం?”

వీరుడు గురకవంటి ధ్వని చేసెను. బావ ఆగలేదు. ఏండ్లుగా అణచుకొన్నది కట్ట తెంచుకొనెను.

“ఇంకోటి. వరదకి కొట్టు కొట్టుకుపోయిందని ఎవరైనా క్లెయిము పెడితే ‘దైవఘటన’ అని రాసి తోసేస్తావట కదా. లేని దేవుడు వరదెలా తెచ్చాడ్రా? జీతం తీసుకునేటప్పుడు ఉంటాడు, దండం పెట్టాల్సొస్తే ఉండడా?”

ఈ రెండవ బాణము మర్మస్థానమున తగిలెను. అది నిజమే కనుక దానిని వదలి వీరుడు మొదటిదానిపై బడెను. ఆతని మస్తిష్కమున జీవితమంతటిలోను ఎన్నడును తట్టనంతటి గొప్ప సమాధానము, మేఘగర్జనమువలె, ఛందస్సు తప్ప సమస్త గుణములతోను ఉద్భవించెను:

“ఓ సూచీహస్తా! బావమరది పన్ను విరుచు శ్యాలకదంతభంజనా! నీవు నన్ను పొడుచుటకు ముందు నా సమ్మతి నడిగితివి. కోయుటకు ముందు నొప్పి తెలియకుండ మత్తునిచ్చితివి. జలప్రళయమున మునిగిన పసికందు సమ్మతిని ఎవరడిగిరి? దానికి మత్తునిచ్చినదెవరు? నీ ఉపమానమున నీవు దయామయుడవే. నీ దేవుడు మాత్రము మత్తుసూది మరచిన వైద్యుడు! అట్టి వైద్యుని బోర్డును వీధిలో ఉంచుదురా, ఊడబెరుకుదురా?”

ఇది మనసున. నోటినుండి వెలువడినది “ఆఅ... ఒఒ... ఉఉఉ.”

“ఉమ్మాలా? ఇదిగో,” అని బావ ప్రక్క తొట్టిని చూపెను.

వీరుడు ఉమ్మలేదు. చేయెత్తి, బొటనవ్రేలితో పిచికారీ నొక్కినట్లు అభినయించి, మత్తు, మత్తు, అని కన్నులతో పలికి, వ్రేలిని ఆకాశమువైపు చూపి, లేదని తల అడ్డముగా ఊపెను. లోకములో ఇంతకంటె స్పష్టముగా ఏ తార్కికుడును వాదించి ఉండడు.

“అయ్యో, మత్తు ఇంకా ఎక్కలేదా? ముందే చెప్పొద్దూ!” అని బావ జాలితో మరొక సూది పొడిచెను.

దానితో నాలుకయు పోయెను. అమోఘమైన వాదమునకు ఫలముగా వాదించు సాధనమును కోల్పోయినవాడు చరిత్రలో ఇతడొక్కడే.

పిమ్మట జరిగిన సమరమును వర్ణింప నా తరమా? పట్టుకారు పట్టెను, పన్ను పట్టు విడువలేదు. బావ కుడికి వంచెను, అది ఎడమకు మొగ్గెను. వంకర వేళ్ళతో దవడను కరచుకొని, తప్పని తెలిసినను వదలని ఆ మొండితనమెక్కడిదో వేరుగ చెప్పనేల? “ఇది కూడా అచ్చం నీలాంటిదేరా,” అని బావ చెమట తుడుచుకొనెను. కడకు పెళపెళమని లోలోపల ఏదో కదలి, జ్ఞానదంతము స్టీలు పళ్ళెములో ఠంగుమని కూలెను.

“జ్ఞానదంతం పోయింది. ఇక నువ్వూ నాలాంటివాడివే,” అనెను బావ. ఆయన తనపై తాను వేసికొనిన ఆ హాస్యమునకు వీరునికి నవ్వు వచ్చెను గాని, సగము ముఖమే నవ్వెను. ఆ చోట దూదిని కుక్కి బావ ఆజ్ఞాపించెను: “గట్టిగా కరిచిపట్టు. నేను చెప్పేదాకా నోరు తెరవకు.”

అక్క తలుపు తోసికొని వచ్చి ఇద్దరిని మార్చి మార్చి చూచెను.

“ఒకడి నోరు మూతపడింది కాబట్టి ఇవాళ ఇద్దరూ పైకి రావచ్చు. వీడికి చల్లటి పాలు. నీకు అన్నం. దేవుడి మాటెత్తితే ఇద్దరికీ ఏమీ ఉండదు.”

పైన, కిటికీ ప్రక్కన, ఆ కుర్చీ ఉన్నది. కుంటికాలి క్రింద అక్క మడిచి పెట్టిన అట్టముక్క కొత్తది. ఇన్నాళ్ళును ఆమె ఆ కుర్చీని తుడుచుచునే యున్నదన్నమాట. వీరునికి కన్నులు చెమర్చెను. పన్ను పీకించుకొన్నవాని కన్నీటికి కారణమెవరడుగుదురు?

బావ కంచము ముందు కూర్చుండి, అలవాటుచొప్పున కన్నులు మూసి, “పన్ను విరక్కుండా వచ్చేలా చూశావు, చాలు స్వామీ,” అని గొణిగెను. అంతే! పీకినది బావ, చెమటోడ్చినది బావ, మెచ్చుకోలు మరొకరికా? అట్టముక్కను మరచి, పాలను మరచి, వైద్యాజ్ఞను మరచి, వీరుడు దూదిని అరచేతిలోనికి ఉమ్మి సింహనాదము చేసెను:

“ఆఆ! ఉఉ అఉ ఇఆఉ! ఏఉఉ అఉ ఇఅఏ!”

“నొప్పా?” అని బావ లేవబోయెను.

“నొప్పి కాదు,” అనెను అక్క పాలు చల్లార్చుచు. “‘బావా, నువ్వు మత్తు ఇచ్చావు, దేవుడు మత్తు ఇవ్వడే’ అంటున్నాడు.”

“నీకెలా అర్థమైంది?”

“వీడికి పళ్ళు రాకముందు నుంచీ వీడి దుబాసీని నేనే.”

వీరుడు శత్రుకోట కూలు చప్పుడుకై చెవులు రిక్కించెను. బావ అన్నము కలుపుట మానెను.

“ఆ మాట నాకు తట్టలేదనుకున్నావా?” అనెను. “చిన్నప్పుడు మా చెల్లికి దవడ వాచి రోజుల తరబడి ఏడ్చింది. మత్తు ఇచ్చేవాడు లేడు. ఆకుపసరు తప్ప ఏమీ లేదు. ఆయన్ని నేనూ అడిగాను, దీన్నెందుకిలా ఏడిపిస్తున్నావని. నీకంటే గట్టిగానే అడిగాను. జవాబు రాలేదు. వచ్చేదాకా ఊరికే కూర్చోవడమెందుకని ఈ చదువు చదివాను. సూది పట్టుకునే ముందు కళ్ళు మూసుకుంటాను చూడు, అది పొగడ్త అనుకుంటున్నావా? అడిగిందే మళ్ళీ అడుగుతున్నానురా, రోజూ.”

వీరుని అమ్ములపొదిలో ఇంకను ఒక బాణము మిగిలెను. “జవాబు చెప్పనివానిని వదలి, సూది పట్టిన నీ చేతికే నేను దండము పెట్టెదను బావా” అను బాణమది. పొగడ్తయో పోటో తనకే తెలియని ఆ మాటను, ఆతడు పొడుగాటి అచ్చుల మాలగా, పెదవి వ్రేలాడుచుండగా వినిపించెను. బావ దుబాసీవైపు చూచెను.

అక్క తమ్ముని ముఖమును, మొగుని ముఖమును చూచెను.

“‘బావా, తప్పు నాది’ అంటున్నాడు.”

“అంత పొడుగు కూత కూశాడు, మాట ఇంతేనా?”

“మొదటిసారి అంటున్నాడు కదా. నోరు తిరగడం లేదు.”

బావ ముఖము వికసించెను. ఏండ్ల తరబడి ఓడినవాని ముఖమున తొలి గెలుపు ఎంత పసిగా నుండునో వీరుడు అప్పుడు చూచెను. పవిత్రగ్రంథములలో అనువాదదోషములను కాగడాతో వెదకి పట్టుకొను ఆ తర్కారణ్యసింహము, తన కళ్ళెదుట తన వాక్యమునకే జరిగిన ఈ మహాపచారమును ఖండించుటకై నోరు తెరచెను. అక్క కన్నెఱ్ఱ జేసెను. క్రింద కుర్చీ ఊగలేదు. బావ చల్లని పాలగ్లాసును తన చేత్తో జరిపి, “నెమ్మదిగా తాగు, కుడివైపు నుంచి,” అనెను.

వీరుడు నోరు మూసెను.

జయము! జయము! దేవునిపై కేసు వాయిదా పడును గాక, ప్రళయమునకు సంజాయిషీ రాకుండును గాక. ఆ మధ్యాహ్నము ఆ మహావీరుడు, సగము పాలను గొంతులోనికిని సగము చొక్కా మీదికిని నడిపించి, ఒక్క మాటయు స్పష్టముగా పలుకకయే, కుంటికాలి కుర్చీని మరల జయించెను. ఈ గాథ విన్నవారికి దంతపీడ తొలగునని నేను పూచీ పడను. తొలగనిచో క్లెయిము పెట్టుకొనవచ్చును గాని, దానిని చూడవలసిన ఆఫీసరు వచ్చే ఆదివారము దొరకడు. అక్క అన్నానికి రమ్మన్నది.