రెండు తెరలు, ఒక్క మైకు

ఒక మనిషి ఒక సమయంలో ఒకే పని చేసే దురలవాటును అబొతరెక్రోమ్ పట్టణ సభ ఏకగ్రీవంగా రద్దు చేసింది. ఊరు వెనకబడటానికి మూలకారణం ఇదేనని సభాధ్యక్షుడు సెలవిచ్చాడు. సభ్యులు ఒక చేత్తో కబాబు తింటూ, ఫోన్లలో బంతాట చూస్తూ, ఆయన ఏమంటున్నాడో వినకుండానే రెండో చెయ్యెత్తి ఆమోదించారు గనుక, కొత్త విధానం ఊరికి ముందే వంటబట్టిందని రుజువైంది.

అమలు కోసం అధికారులందరికీ ట్యాబ్లెట్లు ఇస్తారని ప్రకటన వెలువడింది. భోజనానికి ముందు వేసుకోవాలా, తర్వాతా అని అడిగిన పెద్ద గుమాస్తాను పక్కకు తీసుకెళ్ళి నచ్చజెప్పారు. పలక లాంటి ఆ యంత్రానికి తీగ తగిలించి గోడ మీది పెద్ద తెరకు కలిపితే, పలక మీద ఒక పని, తెర మీద ఇంకో పని ఒకేసారి నడుస్తాయని రాజధాని అక్రా నుంచి వచ్చిన నిపుణుడు బోధించాడు. ఇక్కడ బోధిస్తూనే, తన పలకలోంచి మరో ఊరికి కూడా అదే పాఠం బోధించాడు. ఏ ఊరి ప్రశ్నకు ఏ ఊళ్ళో జవాబు చెప్పాడో తేలలేదు గాని, రెండు ఊళ్ళూ చప్పట్లు కొట్టాయి.

ఈ విద్యను అందరికన్నా ముందు అందిపుచ్చుకున్నవాడు అభివృద్ధి అధికారి యా ఒపారె. మంచివాడు. ‘కుదరదు’ అనే మాట పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనలేదు. ఇద్దరు ఒకే పూటకు రమ్మంటే ఇద్దరికీ వస్తానని చెప్పి, చెమటలు కక్కుతూ ఇద్దరిచేతా తిట్లు తినడం ఆయనకు మామూలు. అలాంటి మనిషికి రెండు తెరలు దొరికితే దేవుడే దిగివచ్చినట్టయింది. రమ్మన్నవాళ్ళందరికీ వస్తానన్నాడు, అందరి దగ్గరికీ వెళ్ళాడు కూడా, కుర్చీలోంచి లేవకుండా.

ఇంట్లో భార్య అబ్రఫి ఒక్కతే ఈ ప్రగతిని గుర్తించలేకపోయింది. ఆయన ఫుఫు ముద్ద పట్టుకుని పలకలోకి చూస్తూ తలాడిస్తుంటే, “నాతో మాట్లాడుతున్నావా, దాంతోనా?” అని అడిగింది.

“ఇద్దరితోనూ,” అన్నాడు గర్వంగా.

“అయితే చారు కూడా దాన్నే పొయ్యమను,” అని గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇలా సుఖంగా సాగుతుండగా, ఒపారె మేనమామ బెడియాకో క్వాహు కొండల్లోని పల్లెలో కన్నుమూశాడు. తండ్రి లేని ఒపారెను పెంచి, చదివించి, మనిషిని చేసినవాడు ఆయనే. అంత్యక్రియలు శనివారం. చనిపోయినవాడిని కీర్తిస్తూ మాట్లాడవలసింది మేనల్లుడు. సరిగ్గా ఆ శనివారం ఉదయమే ప్రాంతీయ కార్యాలయం వారు తెరల మీద సమీక్షా సమావేశం పెట్టారు. విషయం, బజారు కాలువ.

ఆ కాలువ కథ టూకీగా ఇది. ఎన్నికల ముందు మొదలైంది, ఎన్నికల తర్వాత ఆగింది. గుత్తేదారు సగం దాకా గొయ్యి తీసి, రాళ్ళు తెస్తానని వెళ్ళి ఇంతవరకు రాలేదు. ఏటా మొదటి వానకు ఆ గొయ్యి నిండి, బజారు మీద పడి, టమాటా బుట్టల్ని తేలించుకుపోతుంది. వానలు మళ్ళీ దగ్గరపడ్డాయి.

పాత ఒపారె అయితే ఏదో ఒకటి ఎంచుకోవలసి వచ్చేది. కొత్త ఒపారె రెంటికీ సరేనన్నాడు. సంగతి విని, కుటుంబ పెద్ద అయిన తాత ఫోను చేశాడు.

“మామను మట్టి చేస్తుంటే నువ్వు తెరలో ఉంటావట్రా?”

“తెర పెద్దదే తాతా,” అన్నాడు ఒపారె.

“సరేలే. మేమూ ఇక్కడ ఒక తెర కడతాం. కనీసం నీ మొహమైనా పెద్దగా కనపడనీ.”

శనివారం నాడు ఒపారె కార్యాలయంలో ముస్తాబై కూర్చున్నాడు. తెల్ల చొక్కా వేసి, టై కట్టి, ఎడమ భుజం మీదుగా నల్లని సంతాప వస్త్రం కప్పాడు. ఎడమ భుజాన దుఃఖం, కుడి భుజాన ప్రభుత్వం. ఎటు తిరిగితే అటున్న సభకు సరిపోయేలా ఏర్పాటు. గోడ మీది తెరలో అంత్యక్రియలు, ఒళ్ళోని పలకలో సమావేశం. రెండు ప్రసంగాలూ పలక అంచున పక్కపక్కనే తెరిచి పెట్టుకున్నాడు.

అప్పుడే తలుపు తోసుకుని, బజారు టమాటా వర్తకుల రాణి మామె అడ్వుబి మరికొందరు ఆడవాళ్ళతో వచ్చింది. బజారులో ఆమె లేవమంటే లేస్తారు, కూర్చోమంటే కూర్చుంటారు.

“కూర్చోండమ్మా, మీతో కూడా మాట్లాడుతున్నాను,” అన్నాడు ఒపారె పలకలోంచి తలెత్తకుండా.

“వానలు వచ్చేస్తున్నాయి నాయనా. కాలువ సంగతి ఏం చేశావు?”

“ఇప్పుడే పైవాళ్ళకు చెప్పబోతున్నాను. మీ ఎదురుగానే.”

ఆమె గోడ వైపు చూసింది. “మరి ఆ ఏడుస్తున్నవాళ్ళు ఎవరు? పైవాళ్ళా?”

“కాదమ్మా, మావాళ్ళు. మా మామ పోయాడు.”

ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా మెత్తబడ్డారు. వరసగా వచ్చి చెయ్యి పట్టుకుని పరామర్శించి, గొడవను కాసేపు వాయిదా వేసుకుని, గోడ వారగా కూర్చున్నారు.

ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం మనవి చేయాలి. ట్యాబ్లెట్‌కు తెరలెన్ని తగిలించినా, దానికి మైకు ఒక్కటే. అది ఒకసారికి ఒక సభకే పలుకుతుంది. ఆఖరున ఎవరి మీద వేలు పడితే వాళ్ళ సొత్తవుతుంది. ఈ సంగతి నిపుణుడు చెప్పకపోలేదు. రెండో ఊళ్ళో చెప్పాడు.

ప్రాంతీయ సంచాలకుడు డార్క్వా గారు, “అబొతరెక్రోమ్, నివేదిక చదవండి,” అన్నారు. అదే క్షణాన కొండల్లో తాత, “మేనల్లుడా, మాట్లాడు,” అని పిలిచాడు. ఒక్క నిమిషం ఆగమనడానికి ఒపారె ఆ పిలుపు మీద వేలు నొక్కాడు. మైకు కొండలెక్కిపోయింది. ఆయన మాత్రం డార్క్వా గారి బొమ్మ వైపే భక్తితో చూస్తూ కాలువ నివేదిక అందుకున్నాడు.

“పెద్దలారా, ముందుగా నా తీవ్ర విచారం తెలియజేస్తున్నాను. ఎంతో ఆశతో మొదలైనది నడిమధ్యలో ఆగిపోయింది. గొయ్యి తవ్వి ఉంది. మిగతాది పైవారి దయ. ఎన్నో మొరలు పెట్టుకున్నాం. పైనుంచి జవాబు లేదు.”

కొండల్లో జనం ఏడుపు ఆపి తెర వైపు తిరిగారు. ఇంత సూటిగా మొదలుపెట్టిన సంతాప ప్రసంగం ఆ పల్లె ఎన్నడూ వినలేదు.

“బాధ్యత తీసుకున్నవాడు మనల్ని సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. పిలిస్తే పలకడు. ఎక్కడున్నాడో తెలియదు. కాని ఎవరైనా సరే, ఒకనాటికి సంజాయిషీ చెప్పుకోక తప్పదు.”

పాస్టరు లేచి నిలబడి ఆమెన్ అన్నాడు. ముందు వరసలో ముసలమ్మలు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

“నీరు నిలవ ఉంటే రోగం. దాన్ని దాని దారిన పోనివ్వాలి. వానలు పడే లోపు ఇంటికొకరు పార పట్టుకుని వస్తే, ఈ పని పూర్తి చేయడం మన చేతుల్లోనే ఉంది. ఇదే నా మనవి.”

గోడ మీది తెరంతా కన్నీళ్ళయింది. మామె అడ్వుబి తెరనూ ఒపారెనూ మార్చి మార్చి చూసింది.

“నాయనా, మీవాళ్ళు నీ మాటలకే ఏడుస్తున్నట్టున్నారు.”

“దుఃఖం కదమ్మా,” అన్నాడు ఒపారె, రెండో ప్రసంగం కోసం వెతుక్కుంటూ.

ఈసారి అంత్యక్రియల్లో మాట్లాడాలని గోడ వైపు తిరిగాడు. తిరిగే ముందు, సమావేశంలో తన గొంతు వినపడకూడదని అక్కడి మైకు గుర్తు మీద గట్టిగా వేలు నొక్కాడు. ఇంతవరకు అక్కడ మూసి ఉన్న మైకు కాస్తా తెరుచుకుంది. కళ్ళు తుడుచుకున్నాడు. ఇది నటన కాదు. మామ భుజాల మీద కూర్చుని బడికి వెళ్ళిన రోజులు నిజంగానే గుర్తుకొచ్చాయి.

“నువ్వు ఇక లేవని చెప్పుకోవడానికి నోరు రావడం లేదు. లేస్తావని చివరిదాకా ఎదురుచూశాం. నిన్ను నమ్ముకుని ఊరంతా బతికింది. ఎవరు వచ్చి ఏం పోసినా కడుపులో దాచుకున్నావు గాని, ఒక్కరిని కాదనలేదు. నీ మేనల్లుణ్ణి చెబుతున్నాను. నీ బాధ్యత ఇకపై నాది. పందిళ్ళు, కుర్చీలు, బాజాలు, ఏ లోటూ లేకుండా నిన్ను సాగనంపుతాం.”

ప్రాంతీయ సమావేశంలో నిశ్శబ్దం ఆవరించింది. సభ్యులు వింటున్నందువల్ల కాదు. ఒకరు కారు నడుపుతున్నారు, ఒకరు జుట్టు కత్తిరించుకుంటున్నారు, డార్క్వా గారు మరో రెండు సమావేశాలకు అధ్యక్షత వహిస్తున్నారు. ఆఖరి నాలుగు మాటలు మాత్రం ఆయన చెవిన పడ్డాయి.

“నా ఉద్యోగ జీవితంలో ప్రతి ఊరూ పనులు పురోగతిలో ఉన్నాయనే చెప్పింది,” అన్నారాయన గంభీరంగా. “చచ్చిన పనిని చచ్చిందని కన్నీళ్ళతో ఒప్పుకున్న అధికారిని ఈనాడే చూశాను. ఈ కాలువకు సకల లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించాలని ప్రతిపాదిస్తున్నాను. ఎవరైనా బలపరుస్తారా?”

“అంతే, అలాగే కత్తిరించండి,” అన్నాడు జుట్టు కత్తిరించుకుంటున్న సభ్యుడు. తీర్మానం నెగ్గింది. గోడ వైపు తిరిగి ఉన్న ఒపారె అదేమీ వినలేదు.

ఏళ్ళ తరబడి రాళ్ళు పంపలేకపోయిన కార్యాలయం వారం తిరక్కుండా కుర్చీలు పంపింది. లారీ నిండా వచ్చిన పందిరి గుడ్డల్ని ఒపారె అయోమయంగా చూస్తుండగా, తాత నుంచి ఫోను వచ్చింది.

“నువ్వు చెప్పినట్టే ఇంటికొకరం వచ్చాంరా. బడి వెనక మురుగు నిలిచే చోట తవ్వేశాం. రాళ్ళు పేర్చాం. మీ మామ పేరు పెట్టాం. ఆయన కోరిక ఏమిటో మాకెవరికీ తెలియదు, నీకొక్కడికే చెప్పి పోయాడు కాబోలు. ఇంకేమైనా మిగిలిందా?”

ఒపారెకు అప్పుడు అంతా అర్థమైంది. ఏ మాట ఎక్కడికి చేరిందో ఒక్కొక్కటిగా కళ్ళముందు కదిలింది. మామకు చెప్పుకోవలసిన నాలుగు మాటలు మామకు చేరనేలేదు. “లేదు తాతా, ఏం మిగల్లేదు,” అని ఫోను పెట్టేసి, వచ్చిన కుర్చీల్లో ఒక దాని మీద కూలబడ్డాడు.

సాయంత్రం బజారుకెళ్ళి మామె అడ్వుబి ముందు నిలబడ్డాడు.

“నాకు ఆ రోజే తెలుసు,” అంది ఆమె టమాటాలు ఏరుకుంటూ.

“మరి చెప్పలేదేమ్మా?”

“చెప్పాను. నా మాట వినడమనే పనిని నువ్వు మిగతా రెండు పనుల్లో కలిపేశావు.”

“ఇప్పుడేం చెయ్యమంటారు?”

“ఏముంది. చావంటూ వచ్చాక చెయ్యవలసిందంతా చెయ్యాలి. పద్ధతిగా చేద్దాం. ఏదీ తగ్గకూడదు.”

కాలువ అంత్యక్రియలు ఊరు మరిచిపోలేని విధంగా జరిగాయి. గొయ్యి పొడుగునా పందిళ్ళు వేశారు. ఎరుపు, నలుపు వస్త్రాల్లో జనం వచ్చారు. బ్యాండు వాయించారు. డార్క్వా గారు పెద్ద తెరలో కనబడి, దివంగత కాలువ సేవల్ని కొనియాడుతూ సందేశమిచ్చారు. సందేశం మధ్యలో ఒక ఆసుపత్రిని ప్రారంభించారు. ఎవరూ తప్పుబట్టలేదు. బజారు ఆడవాళ్ళు మాత్రం గొయ్యి చుట్టూ నిలబడి, ఏటా అది మింగిన బుట్టల్ని పేరుపేరునా తలుచుకుని ఏడ్చారు. ఆ ఏడుపు నిజం.

జనం లేవబోతుండగా మామె అడ్వుబి చెయ్యెత్తింది.

“కూర్చోండి. వారసుడెవరో తేలకుండా ఏ చావూ ముగియదు. పోయినవాడి పని వారసుడు అందుకోవాలి. అదే కదా మన ఆచారం?”

అదేనన్నారు పెద్దలు.

“ఈ పోయినదాని పనేమిటి?”

“నీళ్ళు పోనివ్వడం,” అన్నారు ఆడవాళ్ళు.

“మన కుటుంబాల్లో వారసత్వం ఎవరిది?”

“మేనల్లుడిది.”

“నీ మేనల్లుణ్ణి, బాధ్యత నాది అని అందరి ముందూ ఒప్పుకున్నదెవరు? పైవాళ్ళ దగ్గర రాతలో కూడా ఉందట.”

జనమంతా ఒపారె వైపు తిరిగారు. కుదరదనడానికి అంతకన్నా మంచి సందర్భం ఆయనకు జీవితంలో రాలేదు. నోరు తెరిచాడు. అలవాటు లేని మాట గనుక రాలేదు. ట్యాబ్లెట్‌ను మామె అడ్వుబి చేతికిచ్చి, టై విప్పి, నల్లని వస్త్రం నడుముకు చుట్టి, పార తీసుకుని గోతిలోకి దిగాడు.

మొదట చేతులు బొబ్బలెక్కాయి. తర్వాత, చాలా కాలానికి, తను ఏం చేస్తున్నాడో తనకు తెలిసింది. మట్టి తీసి పైకి విసిరితే ఆడవాళ్ళు బుట్టల్లో మోశారు. పని చేస్తూ, మామకు చెప్పవలసిన మాటల్ని మెల్లగా మామకే చెప్పుకున్నాడు. మధ్యలో పలక మోగింది.

“ఒపారె, పురోగతి ఎలా ఉంది?” అన్నది డార్క్వా గారి గొంతు.

“తవ్వుతున్నాం నాయనా,” అంది మామె అడ్వుబి.

“చాలా సంతోషం ఒపారె,” అని ఆయన ఇంకో సమావేశానికి వెళ్ళిపోయారు.

ఊళ్ళో మగవాళ్ళు కూడా పూర్తి సహకారం అందించారు. గట్టు మీద కుర్చీలు వేసుకుని, ఒక చేత్తో కబాబు, ఒక చేత్తో ఫోను పట్టుకుని, అధికారి మట్టి తవ్వే అపురూప దృశ్యాన్ని చిత్రీకరించారు. ఆ రోజుల్లో ఊరు ఊరంతా ఒకేసారి రెండేసి పనులు చేసింది. ఆ రెంటిలో కాలువ లేదు.

అయినా వానలకు ముందే గొయ్యి వాగు దాకా చేరింది. మొదటి పెద్ద వాన బజారు పక్కనుంచి బుద్ధిగా వెళ్ళిపోయింది. తేలడం అలవాటైన బుట్టలు ఉన్న చోటే ఉన్నాయి. అధికారికంగా మరణించిన కాలువలో నీళ్ళెలా పారుతున్నాయో వివరణ ఇవ్వమని పైనుంచి తాఖీదు వచ్చింది. ఒపారె ఈ మధ్య ఒకసారికి ఒకటే పని చేస్తున్నాడు గనుక, దానికి జవాబు రాసే వంతు ఇంకా రాలేదు.

ఈ విజయం చూసి చుట్టుపక్కల ఊళ్ళన్నీ ముందుకొచ్చాయి. ఒక ఊరు తమ రోడ్డుకు, ఒక ఊరు బడికి, ఒక ఊరు వంతెనకు అంత్యక్రియలు చేయించమని దరఖాస్తు పెట్టుకున్నాయి. అన్నిటికీ ఏడ్చేవాళ్ళు దొరికారు, మాట్లాడేవాళ్ళు దొరికారు, చిత్రీకరించేవాళ్ళయితే చోటు చాలనంతమంది దొరికారు. వారసుడి దగ్గరే వ్యవహారం ఆగిపోతోంది.

మీ ఊళ్ళోనూ ఇలా పోయిన పని ఒకటి ఉండే ఉంటుంది. కుర్చీలు పంపడానికి కార్యాలయం వారు సిద్ధంగా ఉన్నారు. మేనల్లుడు ఎవరో మాత్రం మీరే చెప్పాలి.