ఏడు ఇస్పేట్లు

శనివారం పొద్దున్నే హొసకోటెలో జల్లు పడుతోంది. బదిలీ సంగతి ఈరోజు మేనేజరును అడిగేయాలని దేవరాజు నిశ్చయించుకున్నాడు. అతని ఆఫీసు రెండు గంటల బస్సు దూరంలో, పీణ్యలో ఉంది. అదే కంపెనీకి అతని ఇల్లున్న హొసకోటెలోనే రెండో ఫ్యాక్టరీ ఉంది, అక్కడ ఒక గుమాస్తా కుర్చీ ఖాళీ అయింది. అతను బయల్దేరేటప్పటికి నాలుగేళ్ల కూతురు సహన లేవదు, తిరిగొచ్చేటప్పటికి నిద్రపోయి ఉంటుంది. పోయిన ఆదివారం ఆ పిల్ల అతని ఒళ్లో కూర్చుని, "నువ్వు మీ ఇంటికి ఎప్పుడు పోతావు?" అని మర్యాదగా అడిగింది.

భార్య శశికళ గొడుగు అందించింది. "మీ మేనేజరాయప్ప ఏమన్నా ఈ పొద్దు మాత్రం కాదనొద్దు."

"నేనెప్పుడు ఎవరికి కాదన్నానే?"

"నాకు అంటా ఉండావు కదా, రోజూ."

శనివారం భోజనాలయ్యాక మేనేజరు వెంకటరాయప్ప తన గదిలో బ్రిడ్జి ఆడతాడు. ఇన్నాళ్లూ ఆయనకు జోడీగా కూర్చున్న మునినారాయణప్ప రిటైరయ్యాడు. ఎదురు చెప్పని మనిషిగా పేరున్నందువల్ల ఆ కుర్చీ దేవరాజుకు వచ్చింది. అవతలి జట్టు అకౌంట్స్ హరీశ్, స్టోర్స్ అర్పిత. హరీశ్ ఇల్లు ఆఫీసు పక్క వీధిలోనే. వచ్చే నెల అతని పెళ్లి, సెలవు ఇంకా మంజూరు కాలేదు.

బ్రిడ్జిలో ముందు వేలంపాట ఉంటుంది. ఎన్ని పట్లు పడతారో మాట ఇవ్వాలి. 'ఒకటి' అంటే ఏడు పట్లు, 'ఏడు' అంటే మొత్తం పదమూడూ. పాడిన రంగే తురుపు. ఇక పాడే బలం లేనివాడు 'పాస్' అనాలి.

"ఒక ఇస్పేటు" అన్నాడు వెంకటరాయప్ప.

దేవరాజు చేతిలో మూడు చిన్న ఇస్పేట్లు, కళావరు రాజు, రాణి, జాకీ ఉన్నాయి. మిగతాదంతా చెత్త. "రెండు" అన్నాడు. అంతవరకు తప్పు లేదు. అవతలి ఇద్దరూ ప్రతిసారీ 'పాస్' అంటూ పోయారు.

"నాలుగు" అన్నాడు సారు. దేవరాజు అక్కడ ఆగిపోవాలి. కానీ సారు కళ్లజోడు మీదుగా అతని వైపు చూశాడు. నిజానికి ఆయన చూసింది టీ రాలేదని అతని వెనక ఉన్న తలుపు వైపు. ఆ ఆఫీసులో ఆ చూపుకు ఒకటే అర్థం, పని ఇంకా మిగిలి ఉందని.

"ఐదు" అన్నాడు దేవరాజు.

సారు ముఖం వెలిగింది. ఇంత ధైర్యంగా పాడుతున్నాడంటే తన దగ్గర లేని డైమన్ ఆసు ఇతని దగ్గరే ఉండాలి. "ఆరు!"

'పాస్' అనే మాట దేవరాజు నాలుక చివరిదాకా వచ్చింది. సారు ఆరు అంటే తను వద్దనడమా? శశికళ చెప్పింది గుర్తొచ్చింది.

"ఏడు" అన్నాడు. అంతకు పైన ఆటలో లేదు. ఉంటే అదీ అనేవాడే.

"ఏం సార్, ఇంత దూరం పోతా ఉండారు?" అంది అర్పిత.

"నా జోడీ చేతిలో సరుకు ఉండాదమ్మా!"

 డైమన్ ఆసు హరీశ్ చేతిలో ఉంది. మొదటి ముక్క వేయాల్సిందీ అతనే. దాన్ని వేస్తే సారు మాట అక్కడే పోతుంది, బహుశా పెళ్లి సెలవు కూడా. ఒక చిన్న ఆఠీను వేశాడు.

ఇస్పేటు మొదట పాడింది సారే కాబట్టి ఆట ఆయనది; జోడీ తన ముక్కలన్నీ బల్ల మీద పరిచి నోరు మూసుకుని కూర్చోవాలి. దేవరాజుకు ఆటలో ఈ భాగం మాత్రం బాగా వచ్చు. పరిచాడు. సారు డైమన్ల వరుస వెతికాడు. ఎనిమిది, ఆరు, నాలుగు, మూడు.

"ఆసు ఏదప్పా?"

నియమం ప్రకారం దేవరాజు పలకలేదు.  హొసకోటె ఫ్యాక్టరీ గేటు నెమ్మదిగా మూసుకుపోతున్నట్టు అతనికి అనిపించింది.

కానీ వెంకటరాయప్పకు ఆట తెలుసు. తొందరపడి తురుపులు లాగలేదు. ముందు తన చిన్న ఆఠీనును దేవరాజు తురుపుతో కోయించాడు, ఆ తర్వాతే ఇస్పేట్లు దింపాడు. కళావరు ఆసు వేసి, దేవరాజు రాజును, రాణిని, జాకీని వరసగా ఆడించి, జాకీ మీద తన ఒంటరి డైమనును పారేశాడు. ఆఖరి పట్టులో హరీశ్ ఆసు ఆయన తురుపు కింద దీనంగా పడింది.

"పదమూడూ!" అని సారు లేచి నిలబడ్డాడు. టీతో పాటు బోండాలు కూడా తెప్పించాడు.

ఇంతకన్నా మంచి ఘడియ రాదనుకున్నాడు దేవరాజు. "సార్, హొసకోటెలో కుర్చీ ఒకటి ఖాళీ ఉండాది…"

"బాగా గుర్తు చేసినావు. ఈ పొద్దే నింపేస్తా." దేవరాజు కళ్లు చెమర్చాయి. సారు హరీశ్ వైపు తిరిగాడు. "ఏమప్పా, ఆసు పెట్టుకొని మొదట్లోనే ఎందుకు వెయ్యలేదు?"

"మీ మీద ఎట్ల వేసేది సార్?"

"గెలిచేది చేతిలో పెట్టుకొని కూర్చునేవాడు నాకు అకౌంట్స్‌లో ఎందుకప్పా? పెండ్లికి సెలవు తీసుకో. వచ్చినాక హొసకోటెలో చేరు."

"సార్," అన్నాడు దేవరాజు, "నా ఇల్లు అక్కడే సార్…"

"నువ్వు పోతే నాకు జోడీ ఎవరు? చేతిలో ఏమీ లేకున్నా నన్ను నమ్మి ఏడుదాకా వచ్చినావు! ఇంక ఆదివారాలు కూడా మా ఇంటికి వచ్చెయ్, ఆడదాం."

దేవరాజు కాదనలేదు.

ఇప్పుడు హరీశ్ పీణ్య నుంచి హొసకోటెకూ, దేవరాజు హొసకోటె నుంచి పీణ్యకూ రోజూ బస్సెక్కుతున్నారు. మధ్యదారిలో కె.ఆర్. పురం ట్రాఫిక్‌లో రెండు బస్సులూ పక్కపక్కన చాలాసేపు ఆగుతాయి కాబట్టి, ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా ఇద్దరూ అవతలి వైపు కిటికీ దగ్గర సీటు చూసుకుంటారు.