ఇంగ్వే వీడ్కోలు కేకు

మంగళవారం ఉదయం ఇంగ్వే వేసుకున్న పథకం చిన్నది. పదింటికి వీడియో గేముల కంపెనీలో ఇంటర్వ్యూ. మధ్యాహ్నం తాను పనిచేసే మాల్మో నగర నీటి శాఖలో రాజీనామా. ఆ ఊళ్ళో ఏ ఆఫీసులోనైనా, మానేసే మనిషే మిగతావాళ్ళకు కేకు పెట్టి వెళ్ళాలి. అందుకని దారిలో బేకరీకి వెళ్ళి కేకు కొన్నాడు.

"ముందు ఆ ఉద్యోగం రానివ్వు మహానుభావా," అంది ఫోనులో భార్య సోల్వేగ్. "ఇదీ అదీ రెండూ పోతే ఏం చేస్తాం?"

"వచ్చినట్టేనే. పిలిచినప్పుడు ఎంత నవ్వుతూ మాట్లాడారనుకున్నావ్!"

గేముల కంపెనీలో రిసెప్షన్ అమ్మాయి కేకు పెట్టెను కాఫీ గదిలో ఉంచమంది. ఇంగ్వే ఉంచాడు. టై సవరించుకుని డైరెక్టర్ హోకన్ గదిలోకి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

కాసేపటికి కాఫీకి వచ్చిన తూవా అనే ప్రోగ్రామర్ పెట్టె మూత ఎత్తింది.

"ఎవరు మానేస్తున్నారు?"

నేను కాదంటే నేను కాదన్నారు అందరూ.

"అయితే హోకనే. లోపల ఎవరో టై కట్టుకున్నాయనతో మాట్లాడుతున్నాడు."

ఆ కంపెనీలో వాళ్ళు తమ పెళ్ళికి కూడా టై కట్టుకోరు.

"కొత్త డైరెక్టరేమో!"

"ఆ ముఖమా? లాయరయ్యుంటాడు."

కాఫీ చల్లారేలోగా ఆ లాయరు కంపెనీకి తాళం వేయడానికి వచ్చినవాడయ్యాడు.

లోపల ఇంగ్వే, నీటి మీటర్లతో తానెంత విసిగిపోయాడో చెబుతున్నాడు. హోకన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఆఫీసంతా ఉంది.

"మాకంతా తెలిసిపోయింది హోకన్," అంది తూవా. "ఇంకా ఎన్నాళ్ళు దాస్తావ్?"

హోకన్ ముఖం పాలిపోయింది. "ఎవరు చెప్పారు? శుక్రవారం దాకా నోరు విప్పొద్దన్నారు నన్ను!"

తూవా వెనక్కి తిరిగి మిగతావాళ్ళ ముఖాలు చూసి, మళ్ళీ అతని వైపు తిరిగింది.

"అంటే... నిజంగానే మూసేస్తున్నారా?"

"నెలాఖరుకి."

ఇంగ్వే చెయ్యెత్తాడు. "మరి నా ఇంటర్వ్యూ?"

"ఆపేస్తే వీళ్ళకి అనుమానం వస్తుందని కానిచ్చాం. ఏమీ అనుకోకండి."

"ఇంతకీ మీరెవరండీ?" అంది తూవా.

"ఉద్యోగానికి వచ్చినవాణ్ణి. ఆ కేకు నాది. మధ్యాహ్నం మా ఆఫీసులో మానేద్దామని..."

"మీరింకేం మానేస్తారు? మాకిచ్చెయ్యండి. మానేసేది మేమే కదా."

కాదనడానికి ఇంగ్వేకు కారణం కనిపించలేదు.

మధ్యాహ్నం అతను నీటి శాఖలో తన కుర్చీలో కూర్చున్నాడు. పక్కనాయన మీటర్ల లెక్కల గురించి సణుగుతుంటే, ఆ కాగితాలు నా చేతికివ్వండి చూస్తానన్నాడు. ఆయన అనుమానంగా చూసి ఇచ్చాడు.

సోల్వేగ్ ఫోను చేసింది. "వచ్చిందా?"

"రాలేదు. బతికిపోయాం."

ఫోను పెట్టగానే మళ్ళీ మోగింది. హోకన్.

"ఇంగ్వే గారూ, మీ నీటి శాఖలో ఖాళీలేమైనా ఉన్నాయా?"

"చూడాలండీ," అన్నాడు ఇంగ్వే, కుర్చీలో వెనక్కి వాలుతూ. "ఏదైనా ఉంటే కబురు చేస్తాం."