కడవలో నీళ్ళు ఇచ్చిందా, లేదా?

అంగారక గ్రహం మీద మొట్టమొదట కాలుపెట్టినవాడు నాగలాపురం రైతు అని మంత్రిగారు విరుదునగర్ సభలో ప్రకటించారు. కాలు పెట్టింది కథలోనేనని కూడా ఆయన అన్నారు గానీ, అప్పటికే మైకువాడు పార్టీ పాట వేసేశాడు.

ఆ రైతు పేరు తిరుమలసామి. పగలంతా నల్లరేగడిలో పత్తి, సజ్జ. పొద్దు వాలాక "కుజన్" అనే పేరుతో తమిళంలో కథలు. శివకాశి పక్కన తిరుత్తంగల్‌లో అచ్చయ్యే "మర్మ రాకెట్టు" అనే మాసపత్రిక వాటిని వేసేది. రక్తం తాగే దయ్యాలు, తల లేని స్టేషన్ మాస్టర్లు, మెదళ్ళు మార్చే డాక్టర్లు, ఆకాశం నుంచి దిగే పచ్చటి మనుషులు, అన్నీ ఆయన చేతి చలవే. పత్రిక అరవై నాలుగులో మూతపడింది, ఆయన డెబ్బై ఎనిమిదిలో పోయాడు. ఇన్నేళ్ళూ ఆయనతో ప్రభుత్వానికి పని పడలేదు. పక్క జిల్లాలో ఎదుటి పార్టీవాళ్ళు ఒక కవికి మండపం కట్టేసరికి పని పడింది. వెంటనే ఈయనకు శతజయంతి ఖాయం చేశారు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు కాబట్టి మంత్రిగారికి ఖాళీ ఉన్న తేదీనే పుట్టాడని తేల్చారు.

ఏర్పాట్ల భారం గోకులకృష్ణన్ భుజాల మీద పడింది. ఆయన పార్టీ కళాసాహిత్య విభాగానికి స్థానిక నిర్వాహకుడు. పదో తరగతి తర్వాత ఆయన తెరిచిన పుస్తకం పార్టీ సభ్యత్వ రసీదు పుస్తకం ఒక్కటే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, మంత్రిగారి ఎదుట మౌనం, ఇలా మూడు భాషలు వచ్చినవాడు. ఈ పండుగ చక్కగా జరిపిస్తే రాబోయే ఎన్నికల్లో కౌన్సిలర్ టికెట్టు తనదేనని మంత్రిగారి పీఏ సెంథిల్‌కుమార్ చెవిలో వేశాడు.

గోకులకృష్ణన్ నిజంగానే కష్టపడ్డాడు, అది ఒప్పుకోవాలి. తిరుత్తంగల్‌లో పాత ప్రెస్సు కూలగొడుతుంటే స్వయంగా వెళ్ళి ఒక ట్రంకుపెట్టె పట్టుకొచ్చాడు. అందులో "మర్మ రాకెట్టు" సంచికలు నలభై ఒకటి. లోకంలో మిగిలినవి అవే. పెట్టెను కోవిల్‌పట్టి పార్టీ ఆఫీసులో, మంత్రిగారి నిలువెత్తు ఫోటో కింద పెట్టి విలేకరులని పిలిచి చూపించాడు.

మర్నాడు పొద్దున్నే నాగలాపురం నుంచి బస్సెక్కి ఒక ముసలమ్మ వచ్చింది. తిరుమలసామి భార్య వల్లియమ్మాళ్. ఎనభై నాలుగేళ్ళు. రెండు ముక్కులకీ రెండు పుడకలు, చేతిలో సజ్జముద్ద గిన్నె కట్టిన గుడ్డసంచి.

"నాయనా, ఆ పెట్టిలో కడాసి పుస్తకం, అదే ఆకరిది, ఉండాదా?" అంది.

"ఉండాది అవ్వా. కూచో. నీకు శాలువ కప్పిస్తాము, మంత్రి చేతితో."

"శాలువ ఏంటికి ఈ ఎండకి? నాకు ఆ కత ముగింపు సదివి చెప్పు. చాలు."

గోకులకృష్ణన్‌కి అర్థం కాలేదు. ఆవిడ నేల మీదే చతికిలబడి చెప్పుకొచ్చింది. మొగుడు రాసేది తమిళంలో. ఆమెకు అక్షరం రాదు. అందుకని రాసిందల్లా ఇంట్లో తెలుగులో చెప్పేవాడు. ఆఖరి కథ మాత్రం సగమే చెప్పాడు. కరువు ఏడాది నాగలాపురం చేలో ఆకాశం నుంచి ఇనుప కొప్పెర లాంటిది పడుతుంది. అందులోంచి ఒకడు పాక్కుంటూ వస్తాడు. ఒళ్ళంతా పచ్చన, నాలుక పిడచకట్టింది. గుడిసె ముందుకొచ్చి గుక్కెడు నీళ్ళడుగుతాడు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క చెంబు నీళ్ళు. ఉయ్యాల్లో బిడ్డ.

"ఇచ్చిందా లేదా అని ఎన్నిమార్లు అడిగినా, అచ్చులో సూసుకోవే అనె. నాకు సదువు రాదని తెలిసీ అట్ల అనె, సిరిపి మనిషి, ఎప్పుడూ నవ్వులాటే! అచ్చయిన నెలే కంపినీ మూసేసిరి. ఒక పుస్తకం కూడా ఇంటికి రాలే. మల్ల ఆయనా పాయె." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ గుడిసెలో ఆడది నేనే నాయనా. రెండు పుడకలు పెట్టినాడంట. అరవై ఏండ్లుగా నేను నీల్లు ఇచ్చినానో లేదో నాకే తెలీదు."

గోకులకృష్ణన్ మనసు కరిగింది. ఆయన రాతి మనిషి కాడు. పెట్టె తెరిచి, ఆఖరి సంచిక తీసి, దుమ్ము ఊదాడు. ఆఖరి పేజీకి ముందు పేజీలో బొమ్మ ఉంది: ఇత్తడి కడవ, దాని పక్కన రెండు పుడకల ఆడమనిషి. ముసలమ్మ ఆ బొమ్మను వేలితో తడిమింది. ఆయన గొంతు సవరించుకుని ఒక్కొక్క వాక్యమే తమిళంలో చదివి తెలుగులో చెప్పసాగాడు.

"ఆమె కడవ మూత తీసింది. లోపల ఒక్కటే చెంబు నీళ్ళు. ఉయ్యాల్లో బిడ్డ ఏడ్చింది. అప్పుడామె..."

ఫోను మోగింది. సెంథిల్‌కుమార్. ఆయన ఫోను వస్తే గోకులకృష్ణన్ కూర్చుని మాట్లాడడు. లేచి నిలబడ్డాడు, పుస్తకం పెట్టెలో పడేశాడు, అవునన్నా అవునన్నా అంటూ కారెక్కాడు.

"పండగ కానీ అవ్వా! పండగైనాక అంతా సదువుతాను!" అని కారు కిటికీలోంచి అరిచాడు.

పిలిచింది చాలా ముఖ్యమైన సిద్ధాంత సమస్య మీద. పార్టీ హేతువాద పార్టీ. దయ్యాలు లేవు అన్నది దాని మూల సిద్ధాంతం. మరి దయ్యాల కథలు రాసినవాడికి మంత్రి దండ ఎలా వేస్తారు? మూడు గంటల చర్చ తర్వాత, కుజన్ కథల్లోని దయ్యాలను గత ప్రభుత్వ బాధితులుగా పరిగణించాలని తీర్మానించారు. పచ్చటి మనిషి ఇంకా పెద్ద చిక్కు తెచ్చాడు. పచ్చ ఎదుటి పార్టీ రంగు. ఫ్లెక్సీలో అతనికి మన పార్టీ రంగులు పూయించి ఆ గండం గట్టెక్కారు. అదే ఫ్లెక్సీలో మంత్రిగారు వ్యోమగామి దుస్తుల్లో నిలబడ్డారు. కొత్తగా రంగేసిన జుట్టు కనబడాలి కాబట్టి టోపీ చంకలో పెట్టుకున్నారు. తిరుమలసామి ఫోటో దొరకలేదు గనక ఆయన స్థానంలో రాకెట్టు వేశారు.

వారం తర్వాత ముసలమ్మ మళ్ళీ వచ్చింది. గోకులకృష్ణన్ సభ పందిరి స్తంభాల కొలతల్లో ఉన్నాడు.

"ఒక పేజీ నాయనా. ఒక్క పేజీ మిగిలినాది."

"రేపు అవ్వా."

మూడోసారి వచ్చేసరికి ఆఫీసు కళకళలాడుతోంది. మంత్రిగారు కాఫీకి ఆగుతారని సున్నాలు కొట్టించారు, నేల కడిగించారు, పాత సామానంతా బయటపడేయించారు. ఫోటో కింద పెట్టె లేదు. దాని స్థానంలో ప్లాస్టిక్ పూలకుండీ ఉంది.

గోకులకృష్ణన్ ఆఫీసు చూసుకునే శివరామన్‌ని పక్కకు లాగాడు.

"పెట్టె యాడరా?"

"చెత్తంతా తీసెయ్యమని నువ్వే కదన్నా చెప్పినావు. పాత పేపర్ల అంతోణి వ్యాన్లో ఏసుకొని తిరుత్తంగల్ పాయె. పెట్టె మాత్రం మంచిదని మా ఇంట్లో పెట్టినాను."

అంతోణికి ఫోను చేస్తే, కాగితం అక్కడ దిగిన గంటకే మిషన్ కింద ముక్కలైపోతుందని చాలా మర్యాదగా చెప్పాడు. గోకులకృష్ణన్ ఆ రోజు అన్నం ముట్టలేదు. ఒక పూట నిజంగానే బాధపడ్డాడు. తర్వాత టికెట్టు గుర్తొచ్చింది. బయటికొచ్చి ముసలమ్మతో, పుస్తకాలన్నీ అచ్చుకి పోయాయని, మంత్రిగారే పండుగనాడు ఆవిష్కరిస్తారని చెప్పాడు.

"మల్లా అచ్చేస్తారా!" ఆవిడ రెండు చేతులూ ఎత్తి ఆయన నెత్తిన పెట్టింది. "నువ్వు సల్లగుండాల."

పండుగ రానే వచ్చింది. పదివేల మంది జనం, అందులో పన్నెండు వందల మంది సొంతంగా వచ్చినవాళ్ళు. మంత్రిగారు రిబ్బను విప్పి "కుజన్ సమగ్ర కథలు" ఎత్తి చూపించారు. అట్ట బ్రహ్మాండంగా ఉంది. శివకాశి ప్రెస్సులన్నీ క్యాలెండర్ల పనిలో మునిగి ఉండటం వల్ల లోపల వచ్చే ఏడాది క్యాలెండరు కాగితాలు కుట్టారు. తెరిచి చూసే అలవాటు వేదిక మీద ఎవరికీ లేదు గనక మర్యాద దక్కింది.

మంత్రిగారు ఉపన్యసించారు. "ఆ ఆఖరి కథలో అంగారకుడు ఏమన్నాడు? ఇంటింటికీ కుళాయి వేసిన ఇలాంటి పాలన మా గ్రహంలో కూడా లేదే అని కన్నీరు కార్చాడు!"

మొదటి వరసలో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్న వల్లియమ్మాళ్ పక్కామెతో అంది, "లేదమ్మా. ఆయన అట్ల రాయడు. రాసింటే నేనే అన్నం పెట్టింటానా?"

అప్పుడు పదివేల వాలా ముట్టించారు. తిరుత్తంగల్ నుంచి ప్రత్యేకంగా తెప్పించిన సరుకు. పావుగంట సేపు భూమి అదిరింది. పొగ విడేసరికి ఆకాశం నుంచి కాగితాలు రాలుతున్నాయి. ఆ పక్క ఊళ్ళల్లో పాత పుస్తకాలు చుట్టకుండా టపాకాయ తయారవదని అందరికీ తెలుసు. గోకులకృష్ణన్‌కీ తెలుసు. ఆయన చొక్కా మీద ఒక ముక్క వాలింది. దాని మీద రాకెట్టు తోక ఉంది. ఇంకొక దాని మీద తల లేని స్టేషన్ మాస్టరు టోపీ. కుజన్ రచనలు ప్రతి ఇంటికీ చేరుస్తామని మంత్రిగారు అప్పుడే ఇచ్చిన హామీ, చూస్తుండగానే గాలికి నాలుగు వీధులూ చేరిపోతోంది.

వల్లియమ్మాళ్ నేల మీద వంగి ఏరుతోంది. ఒక్కొక్క ముక్కా కళ్ళ దగ్గర పెట్టుకుని, బొమ్మ చూసి, ఒళ్ళో వేసుకుంటోంది. ఒక చోట ఆగిపోయింది. అరచేతి వెడల్పు ముక్క, అంచులు కాలాయి. దాని మీద ఇత్తడి కడవ.

లేచి మంత్రిగారి కారుకి అడ్డంగా వెళ్ళింది.

"సామీ! ఇది సదివి చెప్పండి. ఇచ్చిందా, లేదా?"

మంత్రిగారు చెత్త ఏరుతున్న ముసలమ్మని చూశారు. కళ్ళు చెమర్చాయి. "ఇస్తాం అమ్మా, తప్పకుండా ఇస్తాం," అన్నారు. ఆమె చేతిలోని కాలిన ముక్కను సెంథిల్‌కుమార్ అర్జీగా అందుకుని పేరూ ఊరూ రాసుకున్నాడు. రచయిత భార్యకు కప్పడానికి తెచ్చిన శాలువ ఆమెకే కప్పారు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది: "స్వచ్ఛందంగా చెత్త ఏరిన అవ్వకు మంత్రి సత్కారం." రచయిత భార్య ఆరోగ్యం బాగాలేక రాలేదని లోపలి పేజీలో ఉంది.

గోకులకృష్ణన్‌కి టికెట్టు వచ్చింది.

ఎండలు మండిపోతుండగా ఓట్లడుగుతూ నాగలాపురం చేరాడు. తెలుగు ఇళ్ళకి ఆయన్నే పంపారు. మిట్టమధ్యాహ్నం. వెంట వచ్చినవాళ్ళు పక్క ఊరు పుదూరులోనే కూల్‌డ్రింకుల దగ్గర ఆగిపోయారు. వల్లియమ్మాళ్ ఇంటి ముందు ఆయన తప్పించుకుపోదామనే చూశాడు, కానీ ఆవిడ అప్పటికే గడపలో నిలబడి ఉంది.

"రా నాయనా. మంత్రి జాబు రాసినాడు. పోస్టుమేను సదవకుండా పోయినాడు. నువ్వు సదువు."

ఆయన కవరు చింపాడు. మంత్రిగారి అర్జీల విభాగం నుంచి. ముద్ర, నంబరు, అన్నీ ఉన్నాయి. చదివాడు, తెలుగులో చెప్పాడు.

"గుక్కెడు నీళ్ళ కోసం మూడున్నర కోట్ల మైళ్ళ దూరం నుంచి వచ్చినట్టు తమరు అర్జీలో తెలిపారు. విచారించగా, తమ నివాసానికి అర కిలోమీటరు లోపలే కుళాయి ఉన్నట్టు రికార్డులో ఉంది. కనుక నీళ్ళు ఇవ్వడానికి వీలుపడదు. అర్జీ ముగించబడింది."

ముసలమ్మ ఆ కాగితం తీసుకుని బొమ్మ కోసం తిప్పి చూసింది.

"ఇయ్యలేదా," అంది చివరికి. "ముగించేసినారా."

"అవ్వా, అది కత కాదు, ఇది వేరే..."

"నేను ఇచ్చింటానని అనుకొన్యాను నాయనా. బిడ్డకి సగం, వానికి సగం పోసింటానని. ఇన్నేండ్లూ అదే అనుకొన్యాను."

గోకులకృష్ణన్ గొంతు అట్టలా ఎండిపోయింది. పొద్దున్నుంచి పదకొండు వీధులు తిరిగాడు. మూలన ఇసుక మీద కడవ, దాని మీద మూత, మూత మీద చెంబు కనబడుతున్నాయి.

"అవ్వా, గుక్కెడు నీల్లు ఇయ్యి," అన్నాడు.

వల్లియమ్మాళ్ వెళ్ళి చెంబు అందుకుంది. మూత తీసింది. లోపలికి చూసింది, తర్వాత ఆయన జేబు మీది పార్టీ బిళ్ళ వంక చూసింది.

"ఇస్తానో లేదో అచ్చులో సూసుకో నాయనా," అని కడవ మీద మూత పెట్టింది.