శుక్రవారం పదకొండింటికి వివక్ష నిర్మూలన

వచ్చే శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు మా వ్యవసాయ కళాశాలలో జాతి వివక్షను సంవాదం ద్వారా నిర్మూలిస్తామని ప్రిన్సిపాల్ అప్పలసూరిగారు ప్రకటించారు. పన్నెండున్నరకు భోజనాలు.

నేను ఆయన ఆఫీసులో టైపిస్టుని. మినిట్స్ ఆ సాయంత్రానికే పై ఆఫీసుకి చేరాలి గనక గురువారమే కొట్టి పెట్టాను: 'అందరూ మనసు విప్పి మాట్లాడారు. వివక్ష లేదని తేలింది.' సారు చదివి, పెన్ను తీసి 'ఏకగ్రీవంగా' అని చేర్చారు. అదీ దూరదృష్టి అంటే.

సుమన్ హేంబ్రం మా కాలేజీలో రెండో సంవత్సరం. ఆదివాసీ పిల్ల. ఇక్కడి బిర్సానగర్ పేటలో, వలసొచ్చిన తెలుగువాళ్ల మధ్య పెరిగింది గనక మన మాటే మాట్లాడుతుంది. ప్రాక్టికల్స్ రోజున మిగతా పిల్లలు మట్టి పరీక్షల ల్యాబ్‌కి వెళ్తారు. ఆదివాసీ పిల్లలు కాలేజీ మడిలో నాట్లు వేస్తారు. "పుట్టుకతో వచ్చిన విద్య" అని సారు మెచ్చుకుంటారు. సోమవారం ల్యాబ్ పరీక్ష. తప్పితే ఏడాది పోతుంది. సుమన్ ఇంతవరకు ల్యాబ్ గుమ్మం దాటలేదు.

శుక్రవారం పై ఆఫీసు నుంచి పెద్ద ఆఫీసరొచ్చారు. హిందీ ఆయన, తెలుగు వింటే అర్థమవుతుంది. సుమన్ చేతికి మైకిచ్చారు.

"బేఫికర్‌గా సెప్పమ్మా, ఏటి నీ కష్టం?" అన్నారు సారు.

"రెండేళ్లబట్టీ మమ్మల్నే మడిలోకి దింపుతన్నారు సార్. ఈ రెండ్రోజులైనా ల్యాబ్ తాళం తీయించండి. సోమవారం పరీక్ష."

సారు ఆఫీసరు వైపు తిరిగారు. "సూసారా సార్, ఎంత ధైర్యంగా మాటాడిందో! వివక్షుంటే ఇంత ధైర్యం వత్తాదా?"

చప్పట్లు.

"మరి తాళం, సార్?"

"నేను జవాబు సెప్పేత్తే ఉపన్యాసమైపోద్దమ్మా. ఇది సంవాదం. కూకో."

ఆఫీసరుగారి కళ్లు చెమర్చాయి. ఈ అమ్మాయి గొంతు రాష్ట్రమంతా వినాలి, సోమవారం రాంచీ సదస్సుకి పంపండి అని హిందీలో సెలవిచ్చారు.

"సోమవారం పరీక్ష కదా సార్!" అంది సుమన్.

"పరీక్షదేటుంది, ఏటేటా వత్తాది. నువ్వెల్లకపోతే, అవకాశమిచ్చినా మీవోళ్లు వాడుకోరంటారు నలుగురూ. మంచిదేనా?"

అన్నట్టు, బల్లలు పెద్దవని భోజనాలు ల్యాబ్‌లోనే పెట్టారు. వడ్డనకి సుమన్‌నీ, మిగతా ఆదివాసీ పిల్లల్నీ పిలిచారు. ఆ విధంగా గుమ్మం దాటడం కూడా జరిగింది.

సోమవారం సాయంత్రం పరీక్ష హాజరు పట్టీ నా దగ్గరికొచ్చింది. సుమన్ పేరు ఎదురుగా ఆబ్సెంట్. కారణం గడి ఖాళీ.

"ఏటి కొట్టమంటారు సార్?" అనడిగాను.

సారు ఫోన్లో సదస్సు ఫోటో చూస్తూ మురిసిపోతున్నారు. వేదిక మీద సుమన్, మెడలో పూలదండ. కళ్లు దాని మీంచి తిప్పకుండానే చెప్పారు. కొట్టాను:

'వీరి జాతికి ల్యాబ్ మీద ఆసక్తి తక్కువ.'