ప్రిన్సిపాల్ గది పైకెక్కిన రోజు

పటాన్‌చెరు కాలేజీలో చరిత్ర చెప్పే సుకుమారి మేడమ్ ఆ పొద్దున బీరంగూడలో బస్సెక్కేటప్పుడే ఒక నిర్ణయానికి వచ్చేసింది. తొంభై ఒకటో సంవత్సరం అది. కింద ప్రిన్సిపాల్ గది, ఆఫీసు, పైన క్లాసులు. ఫ్యాక్టరీ సైరన్ విని గంట కొట్టేవాళ్లు. ఆ రోజులు తలచుకుంటే ఆవిడకు ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెంటే కళ్లు చెమరుస్తాయి.

కొండాపూర్ నుంచి వచ్చే ఓదెలుకు పోలియోతో రెండు కాళ్లూ పడిపోయాయి. మెట్ల మీద కూర్చుని, చేతులు ఊతం చేసుకుని, ఒక్కో మెట్టూ జరుగుతూ పైకి చేరేవాడు. ముందురోజు సాయంత్రం ఆవిడతో మెల్లగా అన్నాడు: "రేపొక్కరోజు వస్త మేడమ్. ఇగ నాతోని గాదు. చదువు బందువెడ్త."

క్లాసులో అందరికంటే బాగా రాసే పిల్లవాడు. ఆ మాటకు ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

ప్రిన్సిపాల్ చలపతిరావు గారు సంగారెడ్డి మీటింగు నుంచి పదకొండింటికి గాని రారు. ఈలోగా ఆయన గదిని పైకి, క్లాసును కిందికి మార్చేస్తే సరి. వచ్చాక బతిమాలుకోవచ్చు. అటెండర్ యాదన్నను పిలిచింది.

"సార్ టేబులు, కుర్సీ పైన మా క్లాసుల వెట్టు. జల్దీ."

"సార్‌కు ఎరికేనా మేడమ్?"

"వచ్చినంక ఎరికైతది."

టేబులు వెనకే పేరు బోర్డు కూడా పైకి పోవడం గుమస్తా సత్యానందం కంటపడింది. ఆ కాలేజీలో పేరు బోర్డు ఊడిందంటే ట్రాన్స్‌ఫరే. ఎవరినైనా అడగడం ఆయనకు అలవాటు లేదు. గంటలో బంతిపూల దండ, శాలువా, బస్టాండు దగ్గరి ఫోటోగ్రాఫరు, అన్నీ వరండాలోకి వచ్చేశాయి. కింద గదిలో బెంచీలు సర్దించి సుకుమారి బయటికి వచ్చేసరికి స్టాఫంతా దిగులు ముఖాలతో కూర్చుని ఉన్నారు.

"సార్ గురించి మీరు రెండు ముచ్చట్లు చెప్పాలె మేడమ్," అన్నాడు సత్యానందం. "పాపం, ఇయ్యాల్టితోని పోతుండు గద."

ఆవిడ నోరు తెరిచేలోపే చలపతిరావు గారు గేటు దాటి వచ్చారు. దండ మెడలో పడింది, ఫోటో కూడా తీసేశారు. సన్మానం ఎందుకో తెలియక, వద్దనలేక, ఆయన నవ్వుతూ కూర్చున్నారు. ఇక దాచి లాభం లేదని సుకుమారి లేచింది.

"నడవలేని పిల్లగాని కోసం సార్ తన గది ఇచ్చి, తాను పైకి పోతున్నరు. గీ సన్మానం దానికే."

చప్పట్లు మోగాయి. సత్యానందం అందరికంటే గట్టిగా కొట్టాడు. ప్రిన్సిపాల్ గారి నవ్వు సగంలో ఆగిపోయింది. మెడలో దండ ఉండగా కాదనడం ఎంత పెద్దమనిషికైనా కష్టమే.

"ఏడి, ఆ పిల్లగాన్ని పిలువుండ్రి," అన్నారు చివరికి.

ఓదెలు కింద ఎక్కడా లేడు. మానేసి వెళ్లిపోయాడేమోనని సుకుమారి గేటు వైపు చూసింది. అతనికి ఒక్క మాట చెప్పాలని ఎవరికీ తోచలేదు, తనకు కూడా. సిగ్గుతో తల వాలిపోయింది.

"పొద్దుగాల్నించి పైననే ఉన్నడు మేడమ్," అన్నాడు యాదన్న. "టేబులు ఆ పిల్లగాని ముంగటనే వెట్టిన. మీరు అడగలే."

అందరూ మెట్లెక్కారు. చలపతిరావు గారు దండతోనే రొప్పుతూ గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. ఆయనను చూసి ఓదెలు పైన మిగిలిన ఒక్క బెంచీ మీద జరిగి చోటిచ్చాడు.

"కూసోండ్రి సార్. మొదట్ల గిట్లనే ఆయాసమొస్తది. రెండు నెలలైతే అలవాటైతది."

ఓదెలు మర్నాటి నుంచి కింద గదిలోనే చదువుకుని డిగ్రీ పాసయ్యాడు. ప్రిన్సిపాల్ గారికి మాత్రం అలవాటు కాలేదు. పదిహేనో రోజుకల్లా కింద ఇంకో గదికి పునాది పడింది.