చెయ్యి కాదు, చేయండి

చిట్యాలకూ టేకుమట్లకూ మధ్య ఒక కరెంటు సబ్‌స్టేషన్ ఉంది. ఊరి పేరు చెప్పడం మర్యాద కాదు కనుక చెప్పను. అక్కడి సిబ్బంది అత్యంత మర్యాదస్తులని పాఠకులకు ఇందుమూలంగా తెలియజేయడమైనది.

ఈ ఘనత ఇంజినీరు సుదర్శన్ గారిది. వరంగల్‌లో రెండు రోజులు ఉద్యోగ సంభాషణలో మర్యాద గురించి శిక్షణ పొంది, సర్టిఫికెట్‌తో తిరిగొచ్చి, మర్నాడే సిబ్బంది వాట్సాప్ గ్రూపులో ఉత్తర్వు జారీ చేశారు. ప్రతి సందేశం నమస్కారంతో మొదలవ్వాలి. తర్వాత క్షేమం అడగాలి. ఏకవచనం నిషేధం. ఫోన్ చేయాలంటే ముందుగా 'మాట్లాడవచ్చునా' అని రాసి జవాబు కోసం ఆగాలి. ఉత్తర్వు కింద ఇరవై మూడు దండాల బొమ్మలు వచ్చాయి. ఆ రోజు ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన కబురు వాటి మధ్య ఎక్కడో పడి, రెండు రోజులకు గానీ దొరకలేదు.

చిక్కంతా లైన్‌మన్ హీర్యాతోనే. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు మాట్లాడే తండా మనిషి. మా వైపు అందరిలాగే అతనూ 'సార్' అన్నాక 'నువ్వు' అనేస్తాడు. మర్యాదంతా 'సార్'లోనే చెల్లిపోయిందని మా అందరి నమ్మకం.

జులైలో ఒక పొద్దున గాలివానకు ఊరి పక్క పత్తి చేనులో కరెంటు తీగ తెగిపడింది. మొగుడు పోయిన ఈదమ్మ బతికేది ఒక్క పాడిబర్రె మీదే. ఉరుములకు బెదిరి తాడు తెంపుకున్న ఆ బర్రె తీగ వైపే నడుస్తోంది. హీర్యా గట్టు మీద జనాన్ని ఆపుతూ గ్రూపులో రాశాడు.

"సార్ వైరు తెగింది. లైన్ బంద్ చెయ్యి."

సుదర్శన్ గారు వెంటనే స్పందించారు. "శుభోదయం హీర్యా గారూ. నమస్కారం లేదు, క్షేమం అడగలేదు. 'చెయ్యి' కాదు, 'చేయండి'. సవరించి పంపగలరు."

"సార్ జర జల్ది. బర్రె అటే పోతున్నది."

"'జర జల్ది' బాగోదు. 'వీలైనంత త్వరగా' అనగలరు."

సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ అలేఖ్య ఇదంతా చదువుతూ స్విచ్ దగ్గరే నిలబడింది. సారు చెప్పకుండా లైన్ ఆపకూడదు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరడం మర్యాద కాదు.

హీర్యా తడిచేతులతో మళ్లీ రాశాడు. "సార్ నమస్తే. మంచిగున్నరా. ఇంట్ల అందరు మంచిగున్నరా. వైరు తెగింది. దయచేసి వీలైనంత త్వరగా లైన్ బంద్ చేయండి." దీనికి తొమ్మిది దండాలు వచ్చాయి. ఆదర్శ సందేశమని సుదర్శన్ గారు మెచ్చుకుని, అందరూ ఇలాగే రాయాలని సూచించి, ఆ తర్వాత లైన్ ఆపమన్నారు. అప్పటికి బర్రె తీగను తాకి పడిపోయింది.

మధ్యాహ్నం ఈదమ్మ ఆఫీసుకు వచ్చింది. సుదర్శన్ గారు లేచి నిలబడి, కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించారు. "అమ్మా, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్నారు.

ఈదమ్మ నీళ్లు ముట్టలేదు. "ఎనకటి సారు నోరు తెరిస్తె బూతులే బిడ్డా. గని లైన్ బంద్ చేసినంకనే తిట్టేటోడు. నువ్వు నా బర్రెను మర్యాదతోని సంపినవ్" అంది.

బర్రెకు పరిహారం ఇప్పించమని ఆమె చెబుతుంటే అలేఖ్య దరఖాస్తు రాసింది. రాస్తున్నంతసేపూ తలెత్తలేదు. సుదర్శన్ గారు దాన్ని చదివి, 'బర్రె' కొట్టేసి 'గేదె' అనీ, 'సచ్చింది' కొట్టేసి 'మరణించింది' అనీ దిద్దారు. 'సంపినవ్' అన్న వాక్యాన్ని పూర్తిగా తీసేశారు. దిద్దిన కాగితం కింద ఈదమ్మ వేలిముద్ర వేసింది.

ఈ కథంతా బర్రె అని రాసినందుకు నొచ్చుకున్న పాఠకులు మన్నించగలరు. అది చచ్చిన చోట మీరు నొచ్చుకున్నట్టు నాకు కనబడలేదు.